నవ్వుబొమ్మలో విరహం

ఆలూరు ప్రాంతంలో 'సుగ్గి' అన్న మాటలో ఎడబాటు కూడా ఇమిడి ఉన్నది. వానలు మొగం చాటువేసిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే మిరపకాయల కోతకు గుంటూరు సీమకు తరలిపోతవి. ఇంటివద్ద అవ్వాతాతలూ, పసివారూ మిగులుతారు. వెళ్ళినవారి రూపం మిగిలినవారి మనసులో ఎట్లు నిలుస్తుంది? ఈ ప్రశ్నకు ఒక పాత ఫ్రెంచి వ్యంగ్యచిత్రంలో మాకు సమాధానం దొరికినది.

దానిని గీసినవాడు ఓనొరే దోమియే (1808-1879). రాజును ప్రజల సొమ్ము మింగే మహాకాయునిగా చిత్రించి 1832లో చెరసాల పాలైనాడు. 1835 నాటి శాసనం రాజకీయ వ్యంగ్యచిత్రాల నోరు నొక్కగా, ఆయన కుంచె సంసారుల వైపు, పురాణవీరుల వైపు మళ్ళినది. 'ప్రాచీన చరిత్ర' అన్న పేర 1841-43 మధ్య 50 చిత్రాలు వెలువరించినాడు.

అవి రాతి అచ్చు బొమ్మలు. మన బేతంచెర్ల బండల వంటి సున్నపురాతి జాతికే చెందిన నున్నని పలకపై జిడ్డుబలపంతో గీసి, తడిపి, సిరా పూసి కాగితానికి ఎత్తేవారు. పని తీరగానే ఆ రాతిని అరగదీసి మరొక బొమ్మకు సిద్ధం చేసేవారు. రాతిపై చెరిగిన గీత కాగితంపై నిలిచినది.

వానిలో ఒకటి 'పెనెలోపీ రాత్రులు'. యుద్ధానికి వెళ్ళిన భర్త యులిసీజ్ కొరకు ఇరువది ఏండ్లు వేచిన గ్రీకు ఇల్లాలు పెనెలోపీ. హోమరు కావ్యంలో ఆమె మహారాణి. దోమియే బొమ్మలో వడలిన సామాన్యస్త్రీ. ఆమె తదేకంగా చూచుచున్నది పసివాడు గీసినట్లున్న భర్త ముఖాన్ని. అది చూడగానే నవ్వు వస్తుంది. మరుక్షణం ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

మన ఉషాకన్యకు కలలోని ప్రియుని గుర్తించుటకు చిత్రలేఖ వంటి నేర్పరి కావలసివచ్చినది. పెనెలోపీకి ఆ అవసరం లేదు. వంకర గీత చాలును. తక్కినదంతా జ్ఞాపకమే పూరిస్తుంది.

విరహాన్ని నవ్వులపాలు చేయుట తగునా అని కొందరు అడుగవచ్చును. మన తోలుబొమ్మలాటలో సీతమ్మ శోకం నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తారు. అంతమాత్రాన సీతమ్మ దుఃఖం చులకన కాలేదు. దానిని తెల్లవారుదాకా చూడగల ఓపిక ప్రేక్షకులకు కలిగినది. దోమియే నవ్వూ అటువంటిదే.

సుగ్గికి వెళ్ళిన తల్లిని ఏ పసివాడైనా బొగ్గుముక్కతో గోడపై గీస్తే, ముక్కు వంకర పోయినదని మనం నవ్వవచ్చును. కాని ఆ గోడకు సున్నం కొట్టే ముందు ఒక్క క్షణం ఆగుదము. వాని కంటికి అది తల్లియే.