పశువుల డాక్టరు మనసుకూ వైద్యం కావాలి

నూజివీడు మామిడి పల్లెల్లో పాడి ఉన్న ప్రతి ఇంటికీ పశువుల డాక్టరు కావాలి. ఆయన మనసు మోసే బరువు మాత్రం మనకు పట్టదు. అమెరికాలో 1979 నుంచి 2015 వరకు జరిగిన మరణాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మొత్తం మరణాల్లో ఆత్మహత్యల వాటా సాధారణ జనంతో పోలిస్తే పురుష పశువైద్యుల్లో 2.1 రెట్లు, మహిళల్లో 3.5 రెట్లు ఉంది. అది పరాయి దేశం సంగతి అనవచ్చు. కానీ ప్రాణం నిలబెట్టడం నేర్చిన చేతులతోనే ప్రాణం తీయాల్సి రావడం ఎక్కడైనా బాధే. 2025 ఫిబ్రవరిలో మన ఏలూరు జిల్లా బాదంపూడిలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు, కోళ్లను చంపించి పూడ్పించే బాధ్యత పశుసంవర్ధక శాఖ మీదే పడింది.

రైతు కష్టం కంటే డాక్టరు కష్టం ఎక్కువా అని అడగవచ్చు. రెండూ ముడిపడినవే. గేదె చనిపోతే రైతు దుఃఖం, కోపం ముందుగా తగిలేది డాక్టరుకే. అలసిన డాక్టరు పొరబడితే నష్టపోయేది మళ్లీ రైతే. అందుకే శాఖ వంతులవారీగా విశ్రాంతి ఇవ్వాలి. గన్నవరం పశువైద్య కళాశాల వంటి చోట్ల మనసును కాచుకోవడమూ పాఠంగా చెప్పాలి. కుంగుబాటు వేధిస్తే డాక్టర్లు 14416 నంబరులో మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. దయచేసి ఆలస్యం చేయకండి.