సీటు చాలదు, ప్రయోగశాల కావాలి

2007లో వచ్చిన బి.సి.-ఇ వర్గపు 4 శాతం రిజర్వేషన్ వల్ల మాలో పలువురం ఇంజనీరింగ్ తరగతిలో అడుగుపెట్టగలిగాము. అక్కడ రోబో నిర్మిస్తూ గ్రహించిన సత్యమొకటి విన్నవిస్తాము.

ఆర్డుయినో ఊనో బోర్డులోని ఒక పిన్ను నుండి తీసుకోదగిన విద్యుత్తు సుమారు 20 మిల్లీ ఆంపియర్లే. ప్రోగ్రాము ఎంత నిర్దుష్టంగా వ్రాసినా, అంతటితో చక్రం కదలదు. పిన్ను ఇచ్చేది ఆజ్ఞ మాత్రమే. ఆ ఆజ్ఞను అందుకొని బ్యాటరీ శక్తిని మోటారుకు చేర్చే డ్రైవర్ సర్క్యూట్ నడుమ ఉండాలి.

రిజర్వేషన్ కూడా అటువంటి ఆజ్ఞే. సకాలంలో ఫీజు రీయింబర్స్‌మెంటు, సాయంత్రం వేళా తెరిచి ఉండే ప్రయోగశాల, అరువుగా దొరికే పరికరాలు దానికి తోడు కావాలి. 1206లో యంత్రగ్రంథాన్ని పూర్తిచేసిన అల్ జజరీ, స్వయంగా యంత్రాలు నిర్మించిన పనివాడు. ఆయన పేరు తలచి గర్విస్తే చాలదు. మా చెల్లెళ్ల చేతికీ సోల్డరింగ్ ఐరన్ అందించండి.