వేలములో డొమైను నామములు

కృష్ణా డెల్టాలో వేలమున పొలము పాడువారు అడంగలును, ఈసీని చూడక ధరావతు చెల్లింపరు. బెజవాడలో కూర్చుండి ఆన్‌లైను వేలమున చవుకగా డొమైను నామము కొనగోరు మన యువకులకును అదియే మార్గమని మేము మనవి చేయుచున్నాము.

గడువు తీరిన నామమును రిజిస్ట్రారు వేలమునకు పెట్టినను, కొంతకాలము పాత యజమాని రుసుము చెల్లించి నిలుపుకొనవచ్చును; .కామ్ నామము తొలగింపబడిన పిదప సైతము 30 దినముల విమోచనకాలము కలదు. పాత పుటలను ఇంటర్నెట్ ఆర్కైవునందు చూడవలెను. నిన్నటివరకు జూదశాలయై యుండిన పేరు చవుకగా వచ్చుటలో వింత యేమి? .ఇన్ నామములకు 2005 నుండి వివాదపరిష్కార విధానము కలదు. పరుల వ్యాపారచిహ్నమును కొన్నవాడు సొమ్మును, పేరును గూడ కోల్పోవచ్చును. బదిలీ యగువరకు సొమ్మును ఎస్క్రో మధ్యస్థునియొద్ద నుంచుడు.

సంఘనామమును కార్యదర్శి సొంత ఖాతాలో కొనుట మాత్రము మాకు సమ్మతము గాదు. కార్యదర్శులు మారుదురు. సంఘము పేరిటనే రిజిస్టరు చేయించి, పాస్‌వర్డును ఇరువురియొద్ద నుంచుడు.