కాడిజ్ పట్టణమున పండుగల యేడు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)



ఒక ఊరి చరిత్ర తెలియవలెనన్నచో శాసనములను, దస్తావేజులను వెదకుట ఒక మార్గము. ఆ ఊరి పండుగలను వరుసగా పరికించుట మరియొక మార్గము. ఏ దినమున జనులు వీథికి వత్తురో, ఏమి మోయుదురో, ఏమి తగులబెట్టుదురో, ఏమి పాడుదురో గమనించినచో, ఆ ఊరు దేనికి భయపడినదో, దేనిని చూచి నవ్వినదో తెలియును. స్పెయిను దేశమునందలి కాడిజ్ అను రేవుపట్టణము ఇందుకు చక్కని నిదర్శనము.

ఈ పట్టణము స్పెయినునకు నైరృతి దిక్కున అట్లాంటిక్ సముద్రతీరమున ఉన్నది. పాత పట్టణమును మూడు వైపుల సముద్రము చుట్టియున్నది. ఒక సన్నని యిసుక మేర మాత్రమే దానిని నేలతో కలుపుచున్నది. సుమారు మూడు వేల యేండ్ల క్రిందట ఫినీషియా వర్తకులు దీనిని స్థాపించిరని ప్రతీతి. 1717లో అమెరికా ఖండపు వర్తకమును నిర్వహించు ప్రభుత్వ కార్యాలయము సెవిల్ నగరమునుండి ఇచ్చటికి మారెను. ఓడలతో ధనము వచ్చినది, దూరదేశముల పాటలును వచ్చినవి. నేడు ఆ వర్తక వైభవము లేదు. పండుగలకు మాత్రము లోటు లేదు.

ఏడాది ముగ్గురు రాజుల పండుగతో ఆరంభమగును. బాలయేసును దర్శింప వచ్చిన ముగ్గురు జ్ఞానుల వేషములతో జనవరి 5వ తేది సాయంకాలము ఊరేగింపు జరుగును. వారు మిఠాయిలు విసరుచుందురు, పిల్లలు ఏరుకొందురు. ఈస్టరునకు ముందు పవిత్ర వారమున భక్తసమాజముల వారు బరువైన వాహనములపై క్రీస్తు విగ్రహములను, మరియమాత విగ్రహములను నిలిపి, ఇరుకు వీథులలో మోసికొనిపోవుదురు. తరువాత దివ్యసత్ప్రసాద పండుగకు 17వ శతాబ్దమునాటి వెండి మందసము వీథికి వచ్చును. జూన్ 23వ తేది రాత్రి, పునీత యోహాను పండుగకు ముందు, పేటలవారు బొమ్మలు చేసి తగులబెట్టుదురు. అక్టోబరు 7వ తేదీన పట్టణ పాలకురాలైన జపమాల మాత ఉత్సవము. ఇవి స్పెయిను దేశపు అనేక పట్టణములలో కొద్దిపాటి భేదములతో కాననగును.

కాడిజ్ తనదని చెప్పుకొనదగిన దినములు అక్టోబరు చివర మొదలగును. సకల పునీతుల పండుగకు ముందు అంగడివారు తమ సరకులకే వేషములు వేయుదురు. చేపలకు చొక్కాలు తొడుగుదురు. పందిపిల్లలకు టోపీలు పెట్టుదురు. కాయగూరలకు కన్నులు, మీసములు అమర్చుదురు. ఆ యేడు వార్తలకెక్కిన మంత్రులును, నగరాధికారులును ఆ బల్లలపై చేపల రూపమున దర్శనమిత్తురు. జనులు కుటుంబములతో వచ్చి చూచి నవ్వుకొందురు.

మరునాటి సంగతి నవ్వు కాదు. 1755 నవంబరు 1వ తేదీన లిస్బన్ నగరమును కూల్చిన భూకంపము కాడిజ్‌ను కూడ కుదిపెను. పిమ్మట సముద్రము పొంగి గోడలను దాటెను. ప్రాణభీతిచే జనులు ఇసుక మేర మీదుగా పారిపోజూడగా గవర్నరు నగరద్వారము మూయించెను. ఆ ఆజ్ఞ వలన అనేకులు బ్రదికిరి. అప్పటికే ఆ బాటపై నున్నవారిని అలలు మ్రింగెను. బెస్తలు నివసించు లా వీన్య పేటలో, గురువులు మరియమాత ధ్వజమును నీటికెదురుగా నిలుపగా అలలు అచ్చటనే ఆగెనని చెప్పుకొందురు. నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు నమ్మరు. కాని ప్రతి నవంబరు 1వ తేదీన ఆ పేటవారు మాత విగ్రహమును సముద్రమువైపు మోసికొనిపోయి ఆ దినమును స్మరింతురు. రెండున్నర శతాబ్దములకు పైబడినను సముద్రము తమ గుమ్మమువరకు రాగలదని వారు మరువలేదు.

క్రిస్మసునకు తీయా నోరికా అను ముసలమ్మ పేర ప్రసిద్ధికెక్కిన బొమ్మలాట జరుగును. 19వ శతాబ్దపు తొలినాళ్ల నుండియు ఆడుచున్న ఆట ఇది. ఇందు యేసు జనన కథతో బాటు ఆ ముసలమ్మ హాస్యమును ఉండును.

ఇక అన్నిటికంటె పెద్దదైన కార్నివాల్ ఉత్సవము. ఈస్టరునకు ముందు వచ్చు నలువది దినముల తపఃకాలమునకు ముందు, సాధారణముగా ఫిబ్రవరి మాసమున, ఇది జరుగును. అనేక దేశములలో కార్నివాల్ అనగా వేషము, నృత్యము. కాడిజ్‌లో అది ముఖ్యముగా పాట. సుమారు పన్నెండుగురు కూడి హాస్యగీతములు పాడు బృందమును చిరిగోత అందురు. పదునైదుగురు కూడి గంభీరమైన గీతములను కూడ పాడునది కొంపార్స. తంత్రీవాద్యములతో బండ్లపై వీథులు తిరుగు పెద్ద మేళము కోరో. ముగ్గురు నలుగురు చేరి మాటల విసురులతో నవ్వించునది క్వార్తెతో. ఈ పట్టణమున జన్మించిన సంగీతకర్త మాన్యుయెల్ దె ఫాయా పేరిటి నాటకశాలలో వీరికి పోటీలు జరుగును. పోటీకి పోక వీథి మూలలలో పాడు బృందములును అసంఖ్యాకములు. పూర్వము గాయకులు దాదాపు అందరును పురుషులే. ఇటీవలి దశాబ్దములలో స్త్రీలును బృందములు కట్టుచున్నారు.

పాటలు ప్రతి యేడు క్రొత్తవి. ధరలు, పనిలేమి, అధికారుల గర్వము, ఇంటిపోరు, ఏదైనను వస్తువే. 1904లో కాడిజ్ సముద్రపుటొడ్డున ఇసుకలో పాత వెండి నాణెములు దొరకెను. ఊరు ఊరంతయు పలుగు, పార, చేతిగోళ్లతో తీరమును త్రవ్వెను. 1905 కార్నివాల్‌లో ఆంతోనియో రోద్రీగెజ్ అను గీతకర్త ఆ పిచ్చిని పాటగా కట్టెను. వార్తాపత్రికలు పాతబడెను, ఆ పాట నేటికిని పట్టణ గీతమువలె పాడబడుచున్నది.

ఇట్టి పాట పాలకులకు రుచింపదు. అంతర్యుద్ధ కాలమున 1937లో ఫ్రాంకో ప్రభుత్వము కార్నివాల్‌ను నిషేధించెను. వేషము వేయుట, వీథిలో ఎగతాళి పాటలు పాడుట నేరమాయెను. జనులు పాత పాటలను ఇండ్లలోను, మద్యశాలలలోను మెల్లగా పాడుకొనిరి. 1947 ఆగస్టు 18వ తేది రాత్రి నౌకాదళపు మందుగుండు నిలువ ప్రేలి సుమారు 150 మంది మరణించిరి. ఊరు దుఃఖమున మునిగియుండగా 1948లో అధికారులు గాయకబృందములను మరల అనుమతించిరి. కాని కార్నివాల్ అను పేరు పనికిరాదు. పాటలు ముందుగా పరిశీలకులకు చూపవలెను. వారు కొట్టివేసిన పంక్తి పాడరాదు. 1967లో ఉత్సవమును మే మాసమునకు మార్చిరి. గీతకర్తలు నేరుగా చెప్పరానిదానిని రెండర్థముల మాటలతో చెప్పుట నేర్చిరి. కత్తెర పట్టినవాడు ఒక అర్థము చదివెను. పేటవాడు రెండవ అర్థము వినెను.

ఫ్రాంకో 1975లో మరణించెను. 1977లో ఉత్సవము తన పేరును, తన ఫిబ్రవరి మాసమును తిరిగి పొందెను. నలువది యేండ్ల నిషేధమునకు పిమ్మట ఆ పాటల బాణీలు నేర్పుటకు పెద్దలు మిగిలియుండిరి. మహమ్మారి వలన 2021లో పోటీ జరుగలేదు; 2022లో దానిని మే, జూన్ మాసములకు జరిపిరి. అయినను ఆ ఫిబ్రవరి చివర వీథిబృందములు ఎవరి పిలుపు లేకయే పాత పేటలలో పాడినవి.

బృందములవారు తమ పాటలను చిన్న పుస్తకములుగా అచ్చువేయించి ఉత్సవమునందు అమ్ముట అచ్చటి ఆచారము. పండితులు వ్రాసిన చరిత్రలలో చోటు దొరకని కూలివాని మాట, చేపలమ్మి మాట, ఓడరేవు కళాసి మాట ఈ పల్చని పుస్తకములలో నిలిచియున్నవి. వానిని దాచుకొన్న ఇండ్లే నిషేధకాలమున పండుగకు ధాన్యపు గాదెలైనవి.

పండుగను పాలకులు ఆపవచ్చును, పేరు మార్చవచ్చును, నెల మార్చవచ్చును. దానిని జ్ఞాపకముంచుకొనువారు ప్రతి పేటలో నలుగురున్నంతవరకు అది చావదు. పాటను కంఠమునను, కాగితమునను రెండింట దాచిన ఊరు తన మాటను పోగొట్టుకొనదు. కాడిజ్ పండుగల యేడు నేర్పునది ఇదియే.