మాటకు ముందు దారి

కె.గంగవరంలో ఒక ధాన్యం వ్యాపారి ఆఫీసు అనుకోండి. ఫోను, కంప్యూటర్లు, సీసీ కెమెరాలు అన్నీ ఒకే ఫైబర్ కనెక్షన్ మీద నడుస్తున్నాయి. మిల్లు నుంచి బస్తా ధర చెబుతుండగా, గుమస్తా పెద్ద ఫైలు పంపడం మొదలుపెట్టాడు. అంతే, మాట ముక్కలైంది, అసలు అంకె వినపడలేదు.

ఇంటర్నెట్ కాల్‌లో మన గొంతు సాధారణంగా సెకనుకు 50 ముక్కలుగా ప్రయాణిస్తుంది. ఒక్కో ముక్క అవతలి చెవికి 150 మిల్లీసెకన్లలోపు చేరితేనే సంభాషణ సాఫీగా సాగుతుంది. ఫైలు కాస్త ఆలస్యమైనా నష్టం లేదు, మాట అలా కాదు. పైగా ఒక కాల్‌కు సెకనుకు సుమారు 100 కిలోబిట్ల వేగం చాలు. కాబట్టి చాలాసార్లు లోపం వేగంలో కాదు, మాట, ఫైలు బయటికి వెళ్లే వరుసలో ఉంటుంది.

కాలువలో నీరు తగ్గితే వంతులు పెట్టుకుంటాం కదా, రౌటర్‌లోనూ అంతే. క్యూఓఎస్ అనే సెట్టింగ్‌లో ఫోన్‌కు మొదటి వంతు ఇవ్వండి. అప్‌లోడ్ పరిమితిని అసలు వేగం కన్నా కొంచెం తక్కువగా పెట్టండి. అప్పుడు వరుస మీ రౌటర్‌లోనే, మీ అదుపులోనే ఉంటుంది. తర్వాత పెద్ద ఫైలు పంపుతూ ఒక కాల్ చేసి చూడండి. కొత్త ప్లాన్‌కు డబ్బు కట్టే ముందు ఈ పని చేయండి.