బంగారు శుద్ధియు, అతుకు సంగతియు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



బంగారమును శుద్ధిచేయు విధమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. కొలిమియొద్ద పుట్టి పెరిగిన మీకు నేను చెప్పుట తాతకు దగ్గులు నేర్పుటవలె నుండును. అయినను నాకొక కారణము కలదు. చాల యేండ్ల క్రిందట మా తండ్రిగారు చేసిన గాజులను ఒక ఇల్లాలు అమ్ముకొనబోగా, అచ్చట కరగించి చూచి 22 క్యారెట్లు లేవనిరి. ఆమె మా యింటికి వచ్చి, పల్లెత్తు మాటయైన ననక, ఆ చీటిని అరుగుమీద నుంచి వెడలిపోయినది. మా తండ్రిగారు ఆ రాత్రి భోజనము చేయలేదు. ఆయన గురిగింజయెత్తు బంగారమైనను అపహరించినవారు కారు.

తప్పు టంకములో నున్నది. 40 గ్రాముల వస్తువునందు 38 గ్రాములు 916 బంగారమును, 2 గ్రాములు వేయింట 650 పాళ్ల టంకమును ఉన్నవనుకొందము. అంతయు కరగినప్పుడు వన్నె 903కు దిగును. గీటురాయిమీద రేకును గీసిన సరియైన వన్నెయే కనబడును, అతుకు కనబడదు. మనలను గూర్చి లోకములో వ్యాపించిన సామెతలు కొన్ని ఈ అతుకునొద్దనే పుట్టినవేమోయని నాకు తోచును.

ఇక శుద్ధి మాట. వన్నె తక్కువైన బంగారమును నాలుగింతల సీసముతో శోధింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రమునందే కలదు. ఎముకబూది మూసలో సీసముతో కరగించి గాలి తగులనిచ్చిన, సీసము భస్మమై రాగి మొదలగు హీనలోహములను తనతో గొనిపోవును. వెండి మాత్రము పోదు. దానికి నత్రికామ్లము కావలెను. ఇందొక చమత్కారము కలదు: వెండిని తీయవలెనన్న ముందు వెండిని కలుపవలెను. ఒక పాలు బంగారమునకు సుమారు మూడు పాళ్లు వెండి లేనియెడల, బంగారము కవచమువలె అడ్డుపడి ఆమ్లమును లోనికి పోనీయదు. అట్లు కలిపి, పలుచని రేకుగా సాగగొట్టి, ఆమ్లమున కాచిన వెండి కరగిపోయి గోధుమవన్నె బంగారము మిగులును. కడిగి వెలిగారముతో కరగించినప్పుడు గాని దానికి పసిమి రాదు. ఆమ్లములోని వెండిని రాగిరేకు వేసి తిరిగి రాబట్టవచ్చును.

ఆ కాచునప్పుడు లేచు ఎఱ్ఱని పొగ మిక్కిలి అపాయకరము. పీల్చిన వెంటనే దగ్గు మాత్రమే తోచవచ్చును. కొన్ని గంటలు గడచిన పిమ్మట ఊపిరాడక ప్రాణము మీదికి వచ్చును. వంటయింటి ప్రక్కన, బిడ్డలు నిద్రించు గదిలో ఈ పని చేయువారిని నేనెఱుగుదును.

గొప్ప గొప్ప శుద్ధిశాలలలో పని వేఱు. 1867లో సిడ్నీ టంకశాలకు చెందిన మిల్లరు దొర కరగిన బంగారములోనికి క్లోరిను వాయువును పంపు పద్ధతిని కనిపెట్టెను. దానిచే వేయింట 995 పాళ్ల శుద్ధి వచ్చును. లండను విపణికి వెళ్లు 350 మొదలు 430 ఔన్సుల దిమ్మెలకు ఇదియే కనీస ప్రమాణము. అంతకు మించిన శుద్ధికి 1874లో హాంబర్గున వోల్‌విల్లు ఆరంభించిన విద్యుత్పద్ధతి కలదు. దిమ్మెకు శుద్ధియే గుణము. నగకు గట్టితనమును కావలెను గనుక మరల రాగియు వెండియు కలుపుదుము. ఎంత కలిపితిమో చెప్పుటయందే మన మర్యాద యున్నది.

2021 జూన్ 23 మొదలు తొలుత 256 జిల్లాలలో హాల్‌మార్కు ముద్ర నిర్బంధమైనది. ఇప్పుడు ప్రతి వస్తువునకును ఆఱక్షరముల గుర్తు వేయుచున్నారు. దీనిచే మన మాటకు విలువ పోయినదని కొందఱు వగచుచున్నారు. నేనంగీకరింపను. 1963లో 14 క్యారెట్లకు మించి నగ చేయరాదన్న ఉత్తరువు వచ్చినప్పుడు ఎన్ని కొలుములు చల్లారినవో పెద్దలెఱుగుదురు. బంగారు నియంత్రణ చట్టము 1990లో గాని తొలగలేదు. అది పని చేయవద్దన్నది. ఇది సరిగా చేయుమనుచున్నది. మఱియు కిరణయంత్రము వస్తువు పైపొరను మాత్రమే చూపగలదు. ముద్రాకేంద్రములందు నిశ్చయమైన పరీక్ష నేటికిని సీసమును, నత్రికామ్లమునే. అది మన తాతల విద్య. త్రాసు మాత్రమే సూక్ష్మతరమైనది. ఆ కేంద్రములలో మన పిల్లలు ఏల ఉండరాదు?

అతుకువలన వన్నె తగ్గకుండుటకై నడుమ కాడ్మియపు టంకము వచ్చినది. కేడీఎం అని అంగళ్లలో బోర్డులు కట్టి పొగడినది దానినే. నూటికి 92 పాళ్లు బంగారము కలదు గనుక వన్నె నిలిచినది. పొగకు పనివాని ఊపిరితిత్తులు చెడినవి. కొన్నవారికి లాభము, ఊదినవారికి క్షయము! నేడు తుత్తునాగము, ఇండియము కలిపిన టంకములు కలవు. అతుకవలసిన చోటును లేజరు కిరణముతో కరగించు యంత్రములును కలవు. యంత్రము వెల మనలో అనేకులకు అందదు. పది కుటుంబములు కలిసి ఒకటి కొనుటకు పోషకులు అప్పిచ్చి తోడ్పడవలెనని మనవి చేయుచున్నాను.

సభ ముగిసిన పిమ్మట, పందిరి వెనుక ఆరుబయట ఒక కుంపటిని, త్రాసును, మూసలను సిద్ధపఱచి యుంచినాను. తాము వాడు టంకమును ఎవరైనను కొంచెము తెచ్చినయెడల, ఎదుటనే శోధించి దాని పాళ్లను కాగితముపై వ్రాసి యిచ్చెదను.