దినచర్య పుస్తకంలో తాళపుచెవి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణానికీ కవిసమ్మేళనానికీ నడుమ ఈ కంప్యూటరు గొడవ ఏమిటని కొందరికి తోచవచ్చు. మన సంఘం చందా లెక్కలు ఈ ఏడు కంప్యూటరులోకి ఎక్కించవలెనని కార్యవర్గం తీర్మానించింది గదా! ఇక సభ్యులందరూ తలా ఒక పాస్‌వర్డు పెట్టుకొనవలసి వస్తుంది. మనలో పింఛను పుచ్చుకొనే పెద్దలు చాలామంది బ్యాంకుకూ, రైలు టిక్కెట్టుకూ, అన్నిటికీ ఒకే మాట వాడుతున్నారు. అది మన చందా పుస్తకంలోనుంచి బయటపడితే పోయేది చందా కాదు, పింఛను. అందుచేత ఈ సంగతి ముందుగానే మనవి చేస్తున్నాము.

కంప్యూటరులో లాగ్ ఫైలు అని ఒకటి ఉన్నది. పిల్లలు తొడుగుకొనే లాగు కాదు. ఓడలలో వ్రాసే దినచర్య పుస్తకం నుంచి వచ్చిన పేరది. ఎవరు వచ్చినారు, ఎన్ని గంటలకు, ఏ పని అడిగినారు, జరిగిందా లేదా అని యంత్రమే వరుసగా వ్రాసుకొంటూ పోతుంది. ఏదైనా చెడినప్పుడు ఆ పుస్తకం తిరగవేసే కారణం పట్టుకొంటారు. అది లేనిదే పని జరగదు.

పాస్‌వర్డును తెలిసిన కంపెనీ ఏదీ ఉన్నదున్నట్లు దాచదు. హ్యాష్ అనే లెక్కలో వేసి, గింజను తిరుగలిలో విసరినట్లు విసరి, ఆ పిండిని మాత్రమే దాచుతుంది. పిండి మళ్ళీ గింజ కాదు. మనం మళ్ళీ వచ్చి మాట చెప్పినప్పుడు దానినీ విసరి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తుంది. ఏర్పాటు బాగానే ఉన్నది. కాని గింజ తిరుగలిలో పడకముందే, గుమ్మంలో కూర్చున్న గుమాస్తా “ఫలానావారు వచ్చినారు, ఫలానా మాట చెప్పినారు” అని వ్రాసుకొంటేనో? గుమాస్తాల స్వభావం మాకు తెలుసు. కంటబడినదెల్లా వ్రాయనిదే మాకు తోచదు.

2018 మే నెలలో ట్విట్టరు కంపెనీలో జరిగినది ఇదే. హ్యాష్ పూర్తికాకముందే పాస్‌వర్డులు లోపలి లాగ్‌లో పడుతున్నవని వారే కనిపెట్టి, వాడుకదారులు 33 కోట్లమందికీ మార్చుకొనవలసిందిగా సలహా ఇచ్చినారు. ఫేస్‌బుక్కులో కోట్ల కొద్దీ పాస్‌వర్డులు చదువవీలైన రూపంలో లోపల నిలువ ఉండిపోయినట్లు 2019 మార్చిలో వెల్లడి అయింది. వాటిలో కొన్ని 2012 నాటివి. దానికిగాను 2024 సెప్టెంబరులో ఐర్లండు డేటా రక్షణ కమిషను మెటా కంపెనీకి 9 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా వేసింది. ఇక్కడ దొంగ గోడకు కన్నం వేయలేదు. ఇంటివారే తాళపుచెవి పుస్తకంలో పెట్టినారు.

రైల్వేలో స్టేషను మాస్టర్లు లైను ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు ప్రైవేటు నంబరు చెప్పుకొని, రిజిస్టరులో వ్రాస్తారు. వ్రాయకపోతేనే తప్పు. మరి రహస్యం వ్రాయవచ్చునా అంటే, ఆ నంబరు ఒక్కసారికే. వాడగానే కొట్టివేస్తారు, రేపు ఎవరు చదివినా పనికిరాదు. ఫోనుకు వచ్చే ఓటీపీ ఈ జాతిది. పాస్‌వర్డు అట్లా కాదు, ఏళ్ళ తరబడి అదే తాళం తీస్తుంది.

ఇంకొక దారి మన చేతులలోనిదే. తొందరలో పేరు గడిలో పాస్‌వర్డు కొడతాము. “ఈ పేరుగలవారు లేరు” అని యంత్రం ఆ మాటను లాగ్‌లో వ్రాస్తుంది. మరుక్షణం సరియైన పేరుతో లోపలికి పోతాము. పక్కపక్క రెండు వరుసలూ చదివినవానికి పేరూ దొరికె, చెవీ దొరికె! లినక్సులో తెలియని పేర్లను లాగ్‌లో వ్రాయవలెనా వద్దా అనే అమరికే ఒకటి ఉన్నది. వ్రాస్తే ఈ ప్రమాదం కలదని దానిపక్కనే హెచ్చరించినారు.

లెక్కల పని తలకెత్తుకొన్న మన కుర్రవాళ్ళు బెంగుళూరు కంపెనీలలో ఇదే పని చేస్తున్నవారు. అయినా పెద్దలముందు ఒకసారి అనుకొంటే మంచిది. నాయనలారా, పాస్‌వర్డును వెబ్ చిరునామాలో తగిలించి పంపకండి. చిరునామా యావత్తూ సర్వరు లాగ్‌లో పడుతుంది. ఫారమంతా వ్రాసి పాస్‌వర్డు చోట నక్షత్రాలు వేసే పద్ధతిని నమ్ముకొనకండి. రేపెవరో ఆ గడి పేరు మార్చితే నక్షత్రాలు పడవు. వ్రాయవలసిన నాలుగు సంగతులే ఎంచి వ్రాయించండి. పని ముగిసినాక వింత మాట ఒకటి పాస్‌వర్డుగా కొట్టి, లాగులన్నిటిలో దానికోసం వెదకండి. తప్పుడు మాట కొట్టినప్పుడు ఏమవుతుందో కూడ చూడండి. సాధారణంగా చెవి జారిపడేది అక్కడనే.

పడితే తుడిచివేయరాదా అని ఒక పెద్దాయన మమ్ములను అడిగినారు. లాగ్‌కు నకళ్ళు ఎన్నిచోట్లకు పోతవో చెప్పలేము. పైగా మన దేశంలో కంపెనీలు లాగులను 180 రోజులు భద్రపరచవలెనని 2022 ఏప్రిల్‌లో సర్ట్-ఇన్ ఆదేశించింది. కాబట్టి తుడవడంతోపాటు తాళమే మార్చవలెను. ఆ మాట వాడిన ప్రతిచోటా మార్చవలెను.

సభ ముగిసినాక ఎడమవైపు బల్ల దగ్గర సభ్యుల నమోదు ఉన్నది. పేరూ, ఇంటిపేరూ, ఫోను నంబరూ చెప్పండి. సంఘానికని కొత్త మాట ఒకటి ఇప్పుడే ఆలోచించుకొనండి. దానిని మాత్రం కుర్రవాళ్ళకు చెప్పక మీరే కొట్టండి, రెండవ గడిలో.